నేలమీద కొంగ, కొండమీద రెక్కలు

నడిచి వస్తుంటే చూసినవాళ్లెవరూ ఫౌస్తో కొప్పీని ఆటగాడనుకునేవారు కాదు. పుల్లల్లాంటి పొడుగాటి కాళ్లు, కిందికి జారిన భుజాలు, ముందుకి పొడుచుకొచ్చిన ఛాతీ, కోసుగా ఉండే ముక్కు. కోటు వేసుకుంటే కొక్కేనికి తగిలించినట్టే ఉండేది. మన ఇళ్లల్లో అలాంటి పిల్లాడుంటే అమ్మమ్మలు రోజూ దిష్టి తీసేవాళ్లు. వచ్చినవాళ్లందరూ పిల్లాడికి తిండి పెట్టడం లేదా అని తల్లిని నిలదీసేవాళ్లు.

అదే మనిషి సైకిలెక్కగానే ఆ ఒంటికి అందం వచ్చేదిట. నేలమీద ఎబ్బెట్టుగా కనిపించిన ప్రతి అవయవానికీ సైకిలు మీద ఒక పనుండేది. అందుకే ఇటలీవాళ్లు అతన్ని ముద్దుగా కొంగ అని పిలుచుకున్నారు. మనకి కొంగ అంటే వెంటనే దొంగజపమే గుర్తొస్తుంది గానీ వాళ్ల మాటలో ఆ వెక్కిరింత లేదు. చెరువుగట్టున ఒంటికాలిమీద నిలబడినప్పుడు నవ్వొచ్చే ఆ పక్షి, రెక్కలు చాపి లేచిందంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు కదా. వాళ్లు చెప్పింది ఆ రెక్కల సంగతి.

మనకి సైకిలు పందేలంటే చిన్నప్పుడు సర్కస్‌వాడు ఊళ్లోకొచ్చి మూడు రోజులు దిగకుండా తొక్కడమే తెలుసు. ఐరోపాలో అది మన క్రికెట్టులాంటి పిచ్చి. మూడు వారాలపాటు దేశమంతా చుట్టి, కొండలెక్కి దిగే పందేలు రెండు మరీ పేరున్నవి. ఇటలీ చుట్టూ జరిగేది జీరో, ఫ్రాన్సు చుట్టూ జరిగేది తూర్. కొప్పీ జీరోని 5 సార్లు, తూర్‌ని 2 సార్లు గెలిచాడు. ఆ రెండిటినీ ఒకే ఏడాదిలో గెలిచిన మొదటి మనిషి అతనే. చనిపోయి అరవై ఏళ్లు దాటినా ఇటలీలో ముసలివాళ్లు ఇంకా అతని పేరు చెప్పుకుంటూనే ఉంటారు.

అతను పుట్టింది 1919 సెప్టెంబరు 15న, ఉత్తర ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతంలోని కాస్తెల్లానియా అనే కొండపల్లెలో. తండ్రి దొమెనీకో, తల్లి అంజొలీనా. అయిదుగురు పిల్లల్లో నాలుగోవాడు. అందరికన్నా చిన్నవాడు సెర్సె. సేద్యం మీద బతికే ఇల్లు, చేతిలో కాసులాడని ఇల్లు. ఫౌస్తోకి చిన్నప్పుడు ఒంట్లో ఎప్పుడూ నలతే. చదువు మీద ధ్యాసా లేదు. 13వ ఏట బడి మానేసి, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న నోవి లిగురే అనే పట్నంలో ఒక మాంసం కొట్లో పనికి కుదిరాడు. పొద్దున్నే ఇళ్లకీ హోటళ్లకీ సరుకు చేర్చాలి, సైకిలు మీద. ఊరంతటికీ మాంసం మోసిన ఆ కుర్రాడి ఒంటిమీద మాత్రం మాంసం చేరలేదు.

ఓడల్లో పనిచేసే దగ్గర బంధువొకాయన డబ్బు సాయం చేస్తే, తండ్రి ఇంకొంచెం కలిపి పిల్లాడికి పందెం సైకిలు కొనిపెట్టాడు. 15వ ఏట మొదటి పందెం గెలిచాడు. బహుమానం 20 లీరాలు, ఇంకా మాంసం ముక్కలు పెట్టిన రొట్టె ఒకటి. ఆ రొట్టె అక్కడే నిలబడి తిన్నాడో, ఇంటికి తెచ్చి తమ్ముడితో పంచుకున్నాడో గానీ కథలు రాసుకునేదాన్ని కనుక నా మనసు రెండోదానివైపే పోతుంది.

ఇంతకీ ఆ కుర్రాడిలో ఏదో ఉందని మొదట కనిపెట్టిందెవరో తెలుసా? చూపు లేని మనిషి. పేరు బియాజో కవాన్నా. సైకిలు పందేలవాళ్లకి ఒళ్లు పట్టేవాడు, తర్ఫీదు ఇచ్చేవాడు. కళ్లు పోయాక ఆయనకి వేళ్లే కళ్లయ్యాయి. కాలి కండరం మీద చెయ్యేసి వాడిలో ఎంత సత్తువుందో, నిన్న ఎంత తొక్కాడో చెప్పేసేవాడట. పాతకాలం మంత్రసానులు కడుపుమీద చెయ్యి ఆనించి బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పేవారే, అలాగన్నమాట. చూపున్నవాళ్లకి ఫౌస్తోలో బక్కతనమే కనిపించింది. కవాన్నా చేతికి మాత్రం పొడుగాటి మెత్తటి కండరాలు, నెమ్మదిగా కొట్టుకునే గుండె తగిలాయి. మామూలుగా మన గుండె నిమిషానికి 70 సార్లో 75 సార్లో కొట్టుకుంటుంది. కొప్పీ గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు 50 సార్లు కూడా కొట్టుకునేది కాదు. ఆ ముందుకొచ్చిన ఛాతీలో ఊపిరితిత్తులకి బోలెడంత చోటుండేది.

1940లో జీరో మొదలైనప్పుడు కొప్పీ వయసు 20. జీనో బర్తాలీ అనే పెద్ద వీరుడి జట్టులో సేవకుడి కింద చేరాడు. సేవకుడంటే కించపరచడం కాదు. సైకిలు పందెంలో నాయకుడికి నీళ్లందించడానికీ, గాలి తగలకుండా ముందు నడవడానికీ, అవసరమైతే తన చక్రం విప్పి ఇవ్వడానికీ జట్టులో మిగతావాళ్లుంటారు. ఆ ఏడాది నాయకుడు కిందపడి వెనకబడ్డాడు. ఫ్లోరెన్సు నుంచి మొదేనా వెళ్లే రోజు, కొండదారిలో వాన కురుస్తుంటే ఈ బక్క కుర్రాడు ఒంటరిగా ముందుకెళ్లిపోయాడు. పందెం జూన్ 9న మిలానులో ముగిసింది. గెలిచింది కొప్పీ. అంత చిన్న వయసులో జీరో గెలిచినవాడు ఈనాటికీ ఇంకొకడు లేడు. ఆ మర్నాడే, జూన్ 10న, ముస్సోలినీ ఇటలీని యుద్ధంలోకి దింపాడు. 20 ఏళ్లకి కిరీటం, మర్నాడు యుద్ధం.

బర్తాలీ, కొప్పీ తొక్కే తీరు గురించి ఇక్కడ చెప్పుకోవాలి. బర్తాలీది దిట్టమైన ఒళ్లు. కొండ ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి నిలబడి, కూర్చుని, మళ్లీ లేచి, కుదుపులు కుదుపులుగా తొక్కేవాడు. చూసేవాళ్లకి ఆ కష్టం తెలిసేది. కొప్పీ సీటు మీద కూర్చున్నాడంటే కూర్చున్నట్టే. నడుం పైభాగం కదలదు. వీపు చదునుగా ముందుకి వంగి ఉంటుంది, మోచేతులు కొంచెం మడిచి ఉంటాయి. పొడుగాటి తొడలు మాత్రం పైకీ కిందికీ, ఎక్కడా తెగకుండా, తిరగలి తిరిగినట్టు ఒకే వేగంతో తిరుగుతుంటాయి. అలవాటున్న చెయ్యి తిరగలి తిప్పుతుంటే బరువు కనిపించదు చూడండి, అలాగ. వెనకవాళ్లకి అతను వేగం పెంచిన సంగతే తెలిసేది కాదు. తామే వెనకబడిపోతున్నామని మాత్రం తెలిసేది.

కానీ ఒళ్లు దాచుకోలేని రహస్యం ఒకటుంది. కొప్పీ బాగా అలిసిపోయినప్పుడు మోకాలి వెనక ఒక నరం ఉబ్బేదిట. బర్తాలీ అది కనిపెట్టి, ఆ నరాన్ని చూస్తూ ఉండమని తన జట్టులో ఒకణ్ణి పురమాయించాడు. రోజుకి ఆరేడు గంటలపాటు ఇంకో మగాడి మోకాలి వెనక చూస్తూ సైకిలు తొక్కడం ఎలాంటి ఉద్యోగమో ఊహించుకోండి! కొప్పీ ఏ మందులు వాడుతున్నాడో తెలుసుకోవాలని అతను ఖాళీ చేసిన హోటలు గదిని కూడా బర్తాలీ వెతికాడు. కొప్పీ మందులు వాడిన మాట నిజమే. ఆ రోజుల్లో సైకిలువాళ్లు ఉత్ప్రేరక మాత్రలు మింగేవారు, నిషేధం లేదు. అవసరమైనప్పుడల్లా వేసుకున్నానని తర్వాత అతనే దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. గొప్పవాడి జీవితం రాస్తున్నాం కదా అని ఇలాంటివి వదిలేస్తే అది జీవితమవదు.

1942 నవంబరులో మిలానులోని వెలోడ్రోములో గంటలో ఎంత దూరం పోగలడో ప్రయత్నించాడు. 45 కిలోమీటర్లు దాటి ఇంకా ముప్పాతిక కిలోమీటరుకి పైగా పోయాడు. ఆ రికార్డు 14 ఏళ్లు నిలిచింది. 1943లో సైన్యంతో ఆఫ్రికా వెళ్లి, ఏప్రిల్లో ట్యునీషియాలో ఇంగ్లీషువాళ్లకి ఖైదీగా చిక్కాడు. అప్పటికి అతని వయసు 23. ఆటగాడికి బంగారం లాంటి వయసు ముళ్లకంచె వెనక గడిచిపోయింది. యుద్ధం చివర్లో ఇటలీకి తెచ్చినప్పుడు, కొప్పీకి సైకిలు కావాలని ఒక పత్రికాయన అచ్చువేస్తే, ఓ వడ్రంగి తన సైకిలే ఇచ్చేశాడు. దానిమీదే చాలా దూరం తొక్కుకుంటూ ఉత్తరానికి, ఇంటికి చేరాడు. ఆ ఏడాదే, అంటే 1945 నవంబరులో, బ్రూనాని పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లకి మరీనా అనే కూతురు పుట్టింది.

1946 మార్చిలో మిలాను నుంచి సాన్ రేమో దాకా పందెం. యుద్ధం తర్వాత మొదటి పెద్ద పందెం అది. 292 కిలోమీటర్లలో మొదటి 5 కిలోమీటర్లకే కొందరితో కలిసి ముందుకి దూకాడు కొప్పీ. కొండ దగ్గర వాళ్లనీ వదిలేశాడు. రెండోవాడికన్నా 14 నిమిషాలు ముందు చేరాడు. 1949 జూన్ 10న, కూనెయో నుంచి పినెరోలోకి ఆల్ప్స్ పర్వతాల్లో 5 కనుమలు దాటాల్సిన 254 కిలోమీటర్ల దారిలో, 192 కిలోమీటర్లు ఒక్కడే తొక్కాడు. మా దువ్వాడలో బయల్దేరి ఇంచుమించు రాజమండ్రి దాకా అనుకోండి. మన దారి చదును, అక్కడ మంచుకొండలు. బర్తాలీ 12 నిమిషాల తర్వాత వచ్చాడు, రెండోవాడిగా. ఆ వేసవిలోనే తూర్ కూడా గెలిచాడు. శిథిలాల్లోంచి లేస్తున్న దేశానికి ఆ బక్కమనిషి ఒంటరిగా కొండెక్కడం రేడియోలో వింటుంటే ఎలా ఉండి ఉంటుందో కదా. ఒకే ఇంట్లో అన్న బర్తాలీ పక్షం, తమ్ముడు కొప్పీ పక్షం అయి మాటలు మానేసిన కాలమది.

బక్కతనానికీ కొండకీ ఉన్న సంబంధం ఇంటి భాషలో చెప్తాను. చదును దారిలో సైకిలుకి శత్రువు గాలి. కొండ ఎక్కేటప్పుడు శత్రువు బరువు. అయిదు కిలోల బియ్యం సంచి పట్టుకుని వీధిలో నడవడం వేరు, అదే సంచితో మూడో అంతస్తు ఎక్కడం వేరు. గంటసేపు ఎక్కాల్సిన కొండ మీద ఒంట్లో ఒక్క కిలో తగ్గితే అర నిమిషం పైగా కలిసొస్తుంది. పందెం అర నిమిషంలోనే తేలిపోతుంది. అందుకని ఈ ఆటలో కిలోల లెక్క ఎప్పుడూ ఉంది. కొప్పీ తిండిని కూడా శాస్త్రంగా చూశాడు. అంతకు ముందు సైకిలువాళ్లు పందేనికి పొద్దున్నే పెద్ద మాంసం ముక్క తిని బయల్దేరేవారు. అతను అది తగ్గించి, ధాన్యాలు, కూరగాయలు, పళ్లు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినడం అలవాటు చేసుకున్నాడు. గమనించండి, అతను తిండి మానలేదు. మార్చాడు. ఆ ఒళ్లు పస్తులతో తెచ్చుకున్నది కాదు, అంజొలీనా కడుపులోంచి అలాగే వచ్చింది.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణముంది. నాకు కొప్పీని పరిచయం చేసింది మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి. గేర్ల సైకిలు కొనుక్కుని తెల్లారకుండా స్టీలుప్లాంటు రోడ్డు మీద స్నేహితులతో తొక్కేది. మంచి అలవాటే. మా ఊరికి సైకిలు కొత్తా? క్యారేజీ తగిలించుకుని షిఫ్టుకి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లని చూస్తూనే మా పిల్లలు పెరిగారు. ఆ అమ్మాయి ఫోనులో కొప్పీ పాత ఫొటో ఉంటే ఎవరని అడిగాను. సైకిలు తొక్కేవాళ్లు అలా ఉండాలి పిన్నీ అంది. అప్పటికే అన్నం మానేసింది. వంటింటి కాటాలో పెసలు తూచుకుని తింటోంది. మూడు నెలలుగా నెలసరి రాలేదని వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ భయం ఇంకో రకమైనది, మీకు చెప్పక్కర్లేదు. పరీక్షలు చేసిన డాక్టరుగారు చెప్పింది ఒకటే: ఒంటికి వస్తున్న తిండి, ఖర్చవుతున్న శక్తికి చాలడం లేదు, అందుకని ఒళ్లు ముందుగా అవసరం లేదనుకున్న పని ఆపేసింది.

ఇది ఆ పిల్ల ఒక్కదాని కథ కాదు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ వైద్యులు దీనికొక పేరే పెట్టారు. చాలినంత తినకుండా కష్టపడే ఆటగాళ్లలో ఆడవాళ్లకి నెలసరి ఆగుతుంది, మగవాళ్లలో కూడా హార్మోన్లు పడిపోతాయి, ఎముకలు బోలుగా తయారవుతాయి. సైకిలువాళ్లకి ఈ ముప్పు ఇంకొంచెం ఎక్కువ. నడిచినా పరుగెత్తినా ఎముక మీద దెబ్బ పడుతుంది, ఆ దెబ్బకే ఎముక గట్టిపడుతుంది. సైకిలు మీద కూర్చుంటే బరువంతా సీటు మోస్తుంది కనుక అది ఉండదు. 2025లో ఆడవాళ్ల తూర్ ద ఫ్రాన్సుని పోలీన్ ఫెరాన్-ప్రెవో అనే ఫ్రెంచి అమ్మాయి గెలిచింది. పందెం కోసం 4 కిలోలు తగ్గానని, ఎప్పుడూ అలా ఉండడం ఆరోగ్యం కాదని, ఇది కొద్దికాలానికేనని తనే చెప్పింది. రెండో స్థానంలో వచ్చిన డెమీ వోలరింగ్, తాను అలా మారాలనుకోవడం లేదని, తన ఒంటి తీరు అది కాదని బాహాటంగా రాసింది. ఇద్దరూ తమ తమ మట్టుకి నిజాయితీగానే ఉన్నారు. అయితే గెలిచినమ్మాయికి వెనక వైద్యులూ తిండి లెక్కలు చూసేవాళ్లూ ఉన్నారు. మా వీధి అమ్మాయికి కాటా ఒక్కటే ఉంది. పైగా మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. పస్తు మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

మళ్లీ కొప్పీ దగ్గరికి వద్దాం. అతని ఒళ్లు ఎంత అందంగా తొక్కేదో అంత సులువుగా విరిగేది. 1950 జీరోలో కిందపడి తుంటి ఎముక విరిగింది. 1951లో భుజం దగ్గరి ఎముక. 1957లో తొడ ఎముక. ప్రతిసారీ నెలలకొద్దీ మంచం. ప్రతిసారీ మళ్లీ ఎక్కాడు. జనం గుర్తుపెట్టుకునేది ఎక్కడమే, మంచాన్ని కాదు.

విరగకుండానే ప్రాణం తీసిన దెబ్బ తమ్ముడిది. సెర్సె కూడా అన్నతోపాటే సైకిలు తొక్కేవాడు. అన్నంత గొప్పవాడు కాదు, కానీ అన్న మనసుకి అతనే ఊతం. నలుగురిలో కలవలేని ఫౌస్తోకి నవ్వడం నేర్పింది సెర్సె అంటారు. 1951 జూన్ 29న ట్యూరిన్ ఊళ్లో పందెం ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ట్రాము పట్టాల్లో చక్రం ఇరుక్కుని సెర్సె పడ్డాడు. తలకి దెబ్బ తగిలింది. లేచి పందెం పూర్తిచేశాడు, హోటలుకి వెళ్లాడు, బాగానే ఉన్నానన్నాడు. కొన్ని గంటల్లో మెదడులో రక్తస్రావమై పోయాడు. తలకి దెబ్బ తగిలి లేచి నడిచినవాళ్లని కూడా ఆస్పత్రిలో ఉంచి చూడమనేది ఇందుకే. కొన్నాళ్లకే తూర్ మొదలైతే ఫౌస్తో వెళ్లాడు. ఒక రోజు దారిలో వాంతులై కూలబడిపోయాడు, తోటివాళ్లు పక్కనుండి నెమ్మదిగా గమ్యం చేర్చారు. మర్నాటి ఏడాది, 1952లో, అదే తూర్‌ని రెండోవాడికన్నా 28 నిమిషాల ముందు గెలిచాడు. మిగతావాళ్లకి ఆశ చచ్చిపోకుండా నిర్వాహకులు రెండో బహుమతి సొమ్ము మధ్యలో పెంచాల్సొచ్చింది.

1953 జీరోలో స్తెల్వియో కనుమ. ఎత్తు 2758 మీటర్లు, అంటే మన అరకుకి మూడు రెట్లు. ఒకవైపు 48 మలుపులు. రెండు పక్కలా మంచుగోడలు. అక్కడ స్విట్జర్లాండు వీరుడు కోబ్లెని వదిలేసి కొప్పీ అయిదో జీరో గెలిచాడు. ఆ దారి పక్కన నిలబడి చూస్తున్న జనంలో ఒకామె ఉంది. పేరు జూలియా ఒక్కీనీ. కొప్పీ అంటే పడిచచ్చే ఒక డాక్టరుగారి భార్య, ఇద్దరు పిల్లల తల్లి. భర్త అభిమానమే ఇద్దరికీ పరిచయం కలిపింది. అప్పటికి కొప్పీకి బ్రూనా ఉంది, అయిదేళ్ల మరీనా ఉంది. ఆ ఆగస్టులో కొప్పీ లుగానోలో ప్రపంచ విజేత అయినప్పుడు జూలియా పక్కనే ఉండడంతో లోకానికి తెలిసిపోయింది. తెల్లకోటు వేసుకుని కనిపించిందని పత్రికలు ఆమెకి తెల్లదొరసాని అని పేరుపెట్టాయి.

నేను ఎవరి పక్షమూ తీసుకోవడం లేదు. బ్రూనా సైకిలు పందేలంటే భయపడేది, విరిగిన ఎముకలన్నీ ఇంట్లో చూసింది ఆవిడే. ఆవిడ దుఃఖం పత్రికలకి పెద్దగా పట్టలేదు. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఇటలీలో అప్పుడు భార్య తప్పు నడిస్తే ఒక్కసారైనా నేరం. భర్త తప్పు నడిస్తే మాత్రం, ఇంకో ఆమెని బాహాటంగా ఉంచుకుంటేనే నేరం. విడాకులనేవే లేవు. డాక్టరుగారు ఫిర్యాదు చేస్తే 1954లో రాత్రివేళ పోలీసులు ఇంటికొచ్చి ఎవరు ఎక్కడ పడుకున్నారో చూశారు. జూలియాని జైల్లో పెట్టారు, కొప్పీని పెట్టలేదు. బయటికొచ్చాక ఆమె దూరంగా బంధువులింట్లో ఉండాలని ఆంక్ష. 1955 మార్చిలో తీర్పొచ్చింది: ఆమెకి 3 నెలలు, అతనికి 2 నెలలు, అమలు చేయనవసరం లేకుండా. పోపుగారు కొప్పీ పాల్గొనే జీరోని ఆశీర్వదించనన్నారు. పుట్టబోయే బిడ్డకి తండ్రి పేరు దక్కాలని ఆమె అర్జెంటీనా వెళ్లి కన్నది. మెక్సికోలో చేసుకున్న పెళ్లి ఇటలీలో చెల్లలేదు. ఆ చట్టాన్ని ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది 1968లో. విడాకుల చట్టం వచ్చింది 1970లో. అక్కడి సంగతి చూసి మనం మరీ నవ్వక్కర్లేదు. మన దగ్గర 497వ సెక్షన్ ఆడదాన్ని శిక్షించకపోయినా, ఆమెని భర్త సొత్తు కిందే లెక్కవేసేది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2018 సెప్టెంబరులో.

చివరి ఏళ్లు చప్పగా సాగాయి. ఒళ్లు మాట వినడం మానేసినా కొప్పీ తొక్కడం మానలేదు. 1956లో లోంబార్దియా పందెంలో ముందుకెళ్తుంటే, కారులో వెళ్తున్న జూలియా వెనకబడ్డ ఫియోరెంజో మన్యీని చూసి వెక్కిరించిందని, ఆ కోపంతో అతను గుంపునంతా లాక్కొచ్చి కొప్పీని పట్టించాడని చెబుతారు. గీత దగ్గర ఒక ఫ్రెంచి కుర్రాడు వెంట్రుకవాసిలో గెలిచాడు. కొప్పీ ఏడ్చేశాడట.

1959 డిసెంబరులో ఆఫ్రికాలోని అప్పర్ వోల్టా, అంటే ఇప్పటి బుర్కినా ఫాసో, నుంచి పిలుపొచ్చింది. ఐరోపా సైకిలు వీరులు కొందరు కలిసి వెళ్లారు. రాజధానిలో సరదా పందెం, తర్వాత అడవిలో వేట. రాత్రి కొప్పీ, ఫ్రెంచి స్నేహితుడు రఫాయెల్ జెమినియానీ ఒకే గదిలో పడుకున్నారు. గదినిండా దోమలు. మా దువ్వాడలో సాయంత్రం అయిదున్నరకే కిటికీలు మూసేస్తాం కనుక ఆ రాత్రి ఎలా గడిచిందో నేను చెప్పగలను.

ఇళ్లకి చేరాక ఇద్దరికీ జ్వరం. ఫ్రాన్సులో జెమినియానీకి స్పృహ కూడా పోయింది. కానీ అక్కడ రక్తం పరీక్ష చేసి మలేరియా అని తేల్చారు, క్వినైన్ ఇచ్చారు, బతికాడు. ఇటలీలో కొప్పీకి ముందు ఫ్లూ అనుకున్నారు, తర్వాత ఊపిరితిత్తుల జబ్బనుకున్నారు. ఆ మందులే ఇచ్చారు. జెమినియానీ ఇంట్లోవాళ్లు ఫోను చేసి మావాడికి మలేరియా అని తేలింది, మీరూ చూడండి అని చెప్పినా డాక్టర్లు లెక్కచెయ్యలేదు. 1960 జనవరి 2న పొద్దున్న, తొర్తోనా ఆస్పత్రిలో కొప్పీ చనిపోయాడు. 40 ఏళ్లు.

మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. కొప్పీ మంచం పట్టేనాటికి ఆ సంగతి లోకానికి తెలిసి 62 ఏళ్లు. ఇవాళ పాడేరు పక్కన ఏ గూడెంలోనైనా జ్వరం అంటే ఆశా కార్యకర్త ముందు వేలు గుచ్చి చుక్క రక్తం చూస్తుంది. ఆ వేళ్ల మీద, ఆ కాళ్ల మీద, ఆ గుండె మీద అంతమంది చేతులు పెట్టి చూశారు, మోకాలి వెనక నరాన్ని కూడా లెక్కపెట్టారు. చివరి వారంలో ఆ ఒంటిలోంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద పెట్టి చూసినవాళ్లు లేకపోయారు.

కాస్తెల్లానియాలో ఇద్దరన్నదమ్ములూ పక్కపక్కనే ఉన్నారు. వందమంది కూడా లేని ఆ ఊరు, కొప్పీ పుట్టి నూరేళ్లయిన 2019లో, తన పేరుని కాస్తెల్లానియా కొప్పీగా మార్చుకుంది. ఆ రాత్రి అదే గదిలో, అవే దోమల మధ్య పడుకున్న జెమినియానీ 2024 జులైలో పోయాడు. ఆయనకప్పుడు 99 ఏళ్లు.